లొల్ల లాకుల దాకా ఎలక్ట్రిక్ సైకిల్: గట్టు మీద పనికొస్తుందా?

నమస్తే అండీ. వెనకాల వినిపిస్తున్న హోరు లొల్ల లాకులది, అంటే గోదావరి కాలువ నీళ్లని ఆపి వదిలే తలుపులది. బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా కాలువ పక్కనే వచ్చాను. కొంత తారు రోడ్డు, కొంత మట్టి గట్టు.

సైకిల్‌కి 250 వాట్ల లోపు మోటారు, వెనక చక్రంలోనే ఉంది. బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్. తొక్కుతూ వస్తే నాకు 38 కిలోమీటర్లు వచ్చింది. థ్రాటిల్ మీదే, అంటే తొక్కకుండా మోటారుతోనే పోయిన రోజు 24కే ఆగిపోయింది.

తారు మీద హాయిగా ఉంది. మట్టి మీద మాత్రం చిక్కు. పెడల్ తిప్పిన కాసేపటికి మోటారు ఒక్కసారిగా లాగుతుంది. బంకమట్టిలో వెనక చక్రం గిర్రున తిరిగి గాడి పడిపోయింది. నాకు మనసు కలుక్కుమంది.

ఎందుకంటే ఆ గట్టు మొదట్లోనే 'మోటారు వాహనాలు నిషేధం' అని బోర్డు ఉంది. గాడిలో వాన నీళ్లు నిలిచి, మట్టి కోసుకుపోతుంది. గండి అంటే ఏమిటో మన డెల్టావాళ్లకి ఒకరు చెప్పాలా? 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ఏడు ఏటిగట్లు తెగిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మరి ఇది మోటారు వాహనమా? మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా, బ్రేకులూ రిఫ్లెక్టర్లూ సరిగ్గా ఉంటే చట్టం దీన్ని మోటారు వాహనంగా చూడదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ కొన్నచోట "స్పీడ్ లాక్ తీసేస్తాం, నలభై పోతుంది" అన్నారు. దయచేసి తీయించుకోకండి. తీస్తే ఆ మినహాయింపు పోతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కూడా ఉండదు.

చట్టం సైకిల్ అన్నంత మాత్రాన గట్టు ఎక్కేయొచ్చని కాదండీ. నేను లాకుల దగ్గర కాలువ చూసుకునే లస్కరు గారిని అడిగాను. "సైకిలే కదా, వెళ్లండి. తడిగా ఉంటే మాత్రం ఎక్కొద్దు" అన్నారు. అందుకే తిరుగు ప్రయాణంలో థ్రాటిల్ ముట్టుకోలేదు. గడ్డిమోపులతో ఎదురొచ్చిన ఆడవాళ్లకి ముందే బెల్లు కొట్టి దిగిపోయాను. తడి కనపడిన చోట మోటారు ఆపేసి నడిపించుకొచ్చాను. పాతిక కిలోల సైకిల్, చేతులు లాగేశాయి. కొనేముందు ఒకసారి ఎత్తి చూసుకోండి.