రెండో అంకె: బేస్‌బాల్ డ్రాఫ్ట్‌కు ముందు స్కౌట్ ఏం చూస్తాడు?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పిల్లల ఆటలు ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

వసంతకాలంలో టెక్సస్‌లోని మన ఫ్రిస్కో చుట్టుపక్కల హైస్కూల్ బేస్‌బాల్ మైదానాలకు వెళితే, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనుక వలకు దగ్గరగా మడతకుర్చీల్లో కూర్చున్న ఒకరిద్దరు అప్పుడప్పుడూ కనిపిస్తారు. చేతిలో స్టాప్‌వాచ్, ఒళ్లో నోటుపుస్తకం, పక్కన బంతి వేగం కొలిచే రాడార్ గన్ ఉంటాయి. ఎవరు గెలిచినా చప్పట్లు కొట్టరు; తాము చూడవలసిన కుర్రాడి పని అయిపోతే ఆట సగంలోనే లేచి మరో ఊరికి కారెక్కుతారు. వాళ్లు ప్రొఫెషనల్ జట్ల కోసం కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్‌లు. నేను స్కౌట్‌ను కాను. మా అబ్బాయి ఆడినన్నాళ్లూ స్కోరు పుస్తకం రాసే పని నా మీద పడింది కాబట్టి, అదే వల వెనుక కూర్చుని, వాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో గమనించడం అలవాటైంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది ఆ చూపు గురించే.

మనందరికీ ఐపీఎల్ వేలం తెలుసు. బేస్‌బాల్ జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి డ్రాఫ్ట్. అందులో పాట ఉండదు, వరస ఉంటుంది. అన్నిటికన్నా పై మెట్టైన మేజర్ లీగ్‌లోని 30 జట్లు తమ వంతు వచ్చినప్పుడు ఒక్కో పేరు చెబుతూ పోతాయి. అలా వంతు ఒకసారి తిరిగితే ఒక రౌండ్. పేరు చెప్పిన జట్టుతోనే ఆ కుర్రాడు బేరం తేల్చుకోవాలి. 1965లో మొదలైన ఈ పద్ధతిలో అమెరికా, కెనడా, ప్యూర్టో రికోలకు చెందిన హైస్కూల్ ముగించిన పిల్లలు, కాలేజీలో మూడో ఏడు దాటినవారు లేదా 21 ఏళ్లు నిండినవారు అర్హులు. వేలంలో కొన్న ఆటగాడు ఆ సీజన్‌లోనే బరిలోకి దిగుతాడు. డ్రాఫ్ట్‌లో ఎంపికైన పద్దెనిమిదేళ్ల కుర్రాడు మాత్రం కింది స్థాయి మైనర్ లీగుల మెట్లెక్కుతూ ఏళ్ల తరబడి బస్సుల్లో తిరిగితే గాని మేజర్ లీగ్ మైదానంలో కాలు పెట్టలేడు. ఎక్కువమంది ఎప్పటికీ పెట్టలేరు కూడా.

అందుకే స్కౌట్ తన నివేదికలో ప్రతి నైపుణ్యానికీ రెండు అంకెలు వేస్తాడు. బంతిని తగిలించడం, బలంగా కొట్టడం, పరుగు, ఫీల్డింగ్, విసురు అనే ఐదింటినీ 20 నుంచి 80 వరకు ఉన్న కొలబద్ద మీద తూస్తారు. 50 అంటే మేజర్ లీగ్ ఆటగాడి సగటు. మొదటి అంకె కుర్రాడు ఈ రోజు ఎలా ఉన్నాడో చెబుతుంది, రెండోది అతను ఎంతవరకు ఎదగగలడో చెబుతుంది. పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలకు బలం విషయంలో 30 పక్కన 60 పడటం వింతేమీ కాదు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే స్కౌట్ జీవితమంతా గడిచిపోతుంది.

మొదటి అంకె వేయడానికి సాధనాలున్నాయి. ఒక శుక్రవారం సాయంత్రం మా జట్టు కుర్రాడొకడు, కుడిచేతి బ్యాటర్, బంతిని సరిగా తగిలించలేక షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ చేతుల్లోకే మెల్లగా దొర్లించాడు. అవుట్ ఖాయమని స్టాండ్స్‌లో అందరం నిట్టూర్చాం. నా పక్కనున్న స్కౌట్ మాత్రం బంతి బ్యాట్‌కు తగిలిన క్షణంలో ఒకసారి, కుర్రాడి కాలు పరుగెత్తి చేరాల్సిన ఫస్ట్ బేస్‌ను తాకిన క్షణంలో మరోసారి బొటనవేలితో స్టాప్‌వాచ్ నొక్కాడు. 4.18 సెకన్లు. ఆ 90 అడుగుల దూరానికి కుడిచేతి బ్యాటర్ 4.3 సెకన్లు తీసుకుంటే 50, పదో వంతు సెకను తగ్గితే 60. ఎడమచేతివాడు బేస్‌కు కాస్త దగ్గరగా నిలబడతాడు కాబట్టి అతనికి లెక్క 4.2 నుంచి మొదలవుతుంది. మాకు అవుట్‌గా మిగిలిన ఆ బంతి, అతని పుస్తకంలో 60గా చేరింది. అవుటని తెలిసీ కుర్రాడు పరుగు తగ్గించలేదన్న సంగతి కూడా పక్కనే రాసుకుని ఉంటాడు.

నిజానికి మ్యాచ్ కంటే ముందు జరిగే ప్రాక్టీసే స్కౌట్‌లకు ముఖ్యం. ఏడు ఇన్నింగ్స్ ఆటలో షార్ట్‌స్టాప్ వైపు ఒక్క బంతి కూడా రాకపోవచ్చు. అదే ప్రాక్టీసులో ఇరవై బంతులు వస్తాయి. ఇక బ్యాట్ సంగతి. హైస్కూల్, కాలేజీల్లో లోహపు బ్యాట్లు వాడతారు, ప్రొఫెషనల్ ఆటలో కర్రవే. లోహపు బ్యాట్ పిడి దగ్గర తగిలిన బంతి కూడా ఎంతో కొంత దూరం వెళుతుంది, కర్ర బ్యాట్ అయితే విరిగి చేతికి వస్తుంది. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ వేసవి లీగ్‌లో కాలేజీ కుర్రాళ్లు కర్ర బ్యాట్‌తో ఆడతారు కాబట్టే, అక్కడ స్కౌట్‌లు బారులు తీరతారు.

ఇప్పుడు బంతి వేగం, దాని తిరుగుడు, బ్యాట్ నుంచి వెళ్లిన కోణం అన్నీ యంత్రాలే చెబుతున్నాయి. గణాంకాలవారు రెండో అంకెకూ నమూనాలు కడుతున్నారు. కానీ భుజాలు ఎంత వెడల్పయ్యాయి, మణికట్టు ఇంకా సన్నగా ఉందా, ఒంట్లో కండ పట్టడానికి చోటుందా అన్నవి దగ్గరికి వెళ్లి చూడవలసినవే. స్కౌట్ ఇంటికి వెళ్లినప్పుడు తల్లిదండ్రుల ఎత్తు, ఒడ్డూపొడుగూ కూడా చూస్తాడు. సంబంధం చూడ్డానికి వెళ్లిన మన పెద్దవాళ్లకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు.

రెండో అంకె ఎంత కష్టమో మైక్ ట్రౌట్ అనే ఆటగాడి కథ చెబుతుంది. న్యూజెర్సీలో మిల్‌విల్ కుర్రాడు. అక్కడ వసంతంలోనూ చలే, సీజన్ చిన్నది, ఎదురయ్యే పిచర్ల, అంటే బంతి వేసేవాళ్ల, స్థాయి మన టెక్సస్‌తోనో ఫ్లోరిడాతోనో పోల్చదగింది కాదు. ఆ మైదానాల్లో దంచి కొట్టాడంటే ఎంతవరకు నమ్మాలి? ఏంజెల్స్ అనే మేజర్ లీగ్ జట్టు స్కౌట్ గ్రెగ్ మోర్‌హార్ట్ నమ్మాడు. ట్రౌట్ తండ్రితో ఒకప్పుడు మైనర్ లీగ్‌లో కలిసి ఆడినవాడు కాబట్టి, ఆ ఇంటి రక్తం ఎలాంటిదో ఆయనకు తెలుసు. 2009 డ్రాఫ్ట్‌లో 24 పేర్లు పిలిచాక గాని ట్రౌట్ పేరు రాలేదు. ఆ 24వ పేరు పిలిచింది కూడా ఏంజెల్స్ జట్టే. దానికి వరుసగా రెండు వంతులు రాగా, మొదటిదాంట్లో రాండల్ గ్రిచుక్‌ను తీసుకుని, రెండోదాంట్లో ట్రౌట్‌ను తీసుకుంది. మూడుసార్లు ఎంవీపీ (ఏడాది అత్యుత్తమ ఆటగాడు) అయిన మనిషిని ఎంచుకున్న జట్టు కూడా ముందు మరొకరిని పిలిచిందన్నది నాకు ఎప్పుడూ సరదాగా ఉంటుంది.

చూపు సరిపోయినా లెక్క కుదరాలి. ఇక్కడ మనకు కాస్త దగ్గరివాడైన పిచర్ కుమార్ రాకర్ సంగతి చెప్పాలి. తల్లి లలిత భారతీయ సంతతి ఆడపడుచు, తండ్రి ట్రేసీ ఒకప్పటి పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. 2018లో జార్జియాలో హైస్కూల్ ముగించేనాటికి కుమార్ పిచింగ్ గురించి స్కౌట్‌లకు అనుమానాలు లేవు. కానీ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకే వెళతానని గట్టిగా చెప్పడంతో 38వ రౌండ్ దాకా ఎవరూ పిలవలేదు. పిలిచినా సంతకం చేయని కుర్రాడి మీద వంతు వృథా చేసుకోవడం దేనికని జట్ల లెక్క. మరుసటి ఏడాది వాండర్‌బిల్ట్ తరఫున డ్యూక్ యూనివర్సిటీ మీద, బ్యాటర్ బంతి కొట్టి బేస్ చేరే హిట్ ఒక్కటి కూడా ఇవ్వకుండా, 19 మందిని స్ట్రైక్‌అవుట్ చేశాడు, అంటే బంతిని మైదానంలోకి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ స్థానంలో ఎంచుకుంది. వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోకుండా వదిలేసింది. ఏడాది తిరక్కుండా, చిన్న స్వతంత్ర లీగ్‌లో కొన్ని ఆటలు ఆడిన అదే కుర్రాడిని మన టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుంది.

ఆ నిర్ణయంలో డబ్బు లెక్క కూడా ఉంది. మొదటి పది రౌండ్లలో ప్రతి స్థానానికీ ఒక విలువ కడతారు, వాటి మొత్తమే కుర్రాళ్లతో సంతకం చేయించుకోవడానికి జట్టుకుండే బోనస్ నిధి. రేంజర్స్‌కు ఆ ఏడాది రెండు, మూడు రౌండ్లలో వంతు లేదు. కుమార్‌కు ఆ స్థానం విలువకంటే తక్కువగా 52 లక్షల డాలర్లిచ్చి, మిగిలినదాంతో నాలుగో రౌండ్‌లో బ్రాక్ పోర్టర్ అనే హైస్కూల్ పిచర్‌కు 37 లక్షలిచ్చింది. ఒక పేరు పిలిచినప్పుడు దాని వెనుక మరో పేరు ఉండవచ్చన్నమాట.

ఇదంతా చూశాక కూడా చేయి ఎప్పుడు దెబ్బతింటుందో ఎవరూ చెప్పలేరు. 2023లో కుమార్ మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. కోలుకుంటూ, 2024 వేసవిలో మన ఊరి మైనర్ లీగ్ జట్టు రఫ్‌రైడర్స్ తరఫున బంతి వేశాడు. సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైక్‌అవుట్ చేశాడు. 38వ రౌండ్‌లో అతని పేరు పిలిచి అప్పటికి ఆరేళ్లు.

సభలో ఉన్న తల్లిదండ్రులు తరచూ నన్నడిగే ప్రశ్న ఒకటుంది: స్కౌట్ వస్తున్నాడని తెలిస్తే పిల్లాడికి ఏం చెప్పాలి? ఏమీ చెప్పకండి. మీరు పార్కింగ్‌లో కారు ఆపేసరికే అతను వల వెనుక కూర్చుని, మీవాడు సంచీ తనే మోసుకొస్తున్నాడో మీ చేతికిచ్చాడో చూసేసి ఉంటాడు.