పచ్చ లైటు వెలిగినా గిటార్ ఎందుకు అపశ్రుతి పలుకుతుంది?

ఆరు స్ట్రింగులూ ఒక్కొక్కటిగా ట్యూన్ చేశాను. ఆరింటికీ ట్యూనర్‌లో పచ్చ లైటు వెలిగింది, మీరూ చూశారు. ఇప్పుడు 'ఈ' మేజర్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి) వాయిస్తాను, వినండి.

వినిపించిందా? మధ్యలో ఏదో ఒక స్వరం మిగతావాటితో కలవకుండా గునుస్తోంది. ఇలాంటప్పుడు మనం మొదట తిట్టేది ట్యూనర్‌నే. "చవకది కదా, కరెక్ట్‌గా చూపించట్లేదు, మంచిది కొనాలి" అనుకుంటాం. నేనూ అలా అనుకునే మూడు ట్యూనర్లు మార్చాను. అందులో ఒక్కసారే తప్పు నిజంగా ట్యూనర్‌ది. మిగతా రెండుసార్లూ నాదే.

సరే, ట్యూనర్ తప్పుని కొలిచేది సెంట్లలో, కాబట్టి ముందు సెంటు సంగతి చూద్దాం. సెంటు అనగానే మనకు ఇళ్ల స్థలం గుర్తొస్తుంది, ఎకరంలో నూరో వంతు. ఇక్కడా నూరో వంతే, కాకపోతే పక్కపక్కనున్న రెండు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది మెట్ల) స్వరాల మధ్య తేడాలో. అంటే 12 ఫ్రెట్లు దాటితే 1200 సెంట్లు, ఒక ఆక్టేవ్, కింది 'స' నుంచి పై 'స' దాకా. ఈ లెక్క 1880ల్లో అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఇంగ్లీషాయన పెట్టాడు. రెండు స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తే, ఐదారు సెంట్ల లోపు తేడాని చాలామంది పట్టుకోలేరు. అదే రెండూ ఒకేసారి మోగితే, అంతకంటే చిన్న తేడా కూడా వావ్... వావ్... అని ఊగుతూ బయటపడుతుంది. ఆ ఊపునే బీట్స్ అంటాం. కార్డ్ వాయించినప్పుడు మన చెవి పట్టుకునేది దాన్నే.

ఇక ట్యూనర్ డబ్బా మీద రాసే అంకెలు. బాస్ కంపెనీ టీయూ-3 పెడల్ (కాలితో నొక్కే ట్యూనర్) మీద ప్లస్ ఆర్ మైనస్ 1 సెంటు అని ఉంటుంది. పీటర్సన్ వాళ్ల స్ట్రోబ్ ట్యూనర్లకి 0.1 సెంటు. గిటార్ తలకి తగిలించే చవక క్లిప్-ఆన్‌లలో కొన్నింటి మీద అసలు ఏమీ రాయరు. చూడగానే పది రెట్లు తేడా ఉందే అనిపిస్తుంది. కానీ లోపల ఏం జరుగుతుందో చూస్తే ఆ అంకెకి మనం ఇచ్చే విలువ కొంచెం తగ్గుతుంది.

ట్యూనర్ అంటే ఒక గడియారమే. స్ట్రింగ్ సెకనుకు ఎన్నిసార్లు ఊగిందో చెప్పాలంటే, సెకను అంటే ఎంతో దానికి తెలియాలి కదా. అందుకోసం లోపల ఒక క్వార్ట్జ్ ముక్క ఉంటుంది. గోడ గడియారాన్ని నడిపించేదీ అలాంటిదే. ఒక సెంటు అంటే ఫ్రీక్వెన్సీలో దాదాపు 0.058 శాతం తేడా. గడియారం లెక్కలోకి మారిస్తే రోజుకు 50 సెకన్లు తప్పడం. రోజుకు 50 సెకన్లు తప్పే క్వార్ట్జ్ గడియారం మీ ఇంట్లో ఎప్పుడైనా చూశారా? ఎంత నాసిరకం గడియారమైనా అన్ని సెకన్లు తప్పదు. ఫోన్‌లో ట్యూనర్ యాప్‌కీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి కొలిచే సత్తా లేక ఏ ట్యూనరూ సెంట్లకు సెంట్లు తప్పదు.

మరి తేడా ఎక్కడొస్తుంది? రెండు చోట్ల. స్ట్రింగ్‌ని అది ఎలా వింటోంది, విన్నదాన్ని మనకి ఎలా చూపిస్తోంది.

వినడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోన్ మైక్ గదిలో ఉన్నవన్నీ వింటుంది, ఫ్యాన్‌తో సహా. క్లిప్-ఆన్ గాల్లో శబ్దం పట్టించుకోదు, చెక్క అదురుని పట్టుకుంటుంది, అందుకే గోలలో కూడా పనిచేస్తుంది. కాకపోతే లావు స్ట్రింగ్ దగ్గర తడబడుతుంది, ఆ లోతైన అదురు హెడ్‌స్టాక్ (గిటార్ తల) దాకా బలంగా రాదు. అలాంటప్పుడు 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (స్ట్రింగ్‌ని నొక్కకుండా వేలితో తాకి మీటే స్వరం) మోగించండి, పట్టుకుంటుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కి పెడల్ ట్యూనర్‌ని మించింది లేదు, సిగ్నల్ నేరుగా వైరులోంచే వస్తుంది. పైగా కాలితో నొక్కగానే స్పీకర్‌లో శబ్దం ఆగిపోతుంది కాబట్టి మన ట్యూనింగ్ పాట్లు ఎవరికీ వినపడవు.

అసలు కథ చూపించడంలో ఉంది. పచ్చ లైటు వెలిగిందంటే స్వరం కరెక్ట్‌గా ఉందని కాదు, ఆ ట్యూనర్ తయారు చేసినవాళ్లు "ఇది చాల్లే" అనుకున్న హద్దు లోపలికి వచ్చిందని. ఆ హద్దు ఒకదాంట్లో ఒక సెంటు ఉండొచ్చు, ఇంకోదాంట్లో నాలుగు ఉండొచ్చు. హద్దు వెడల్పుగా ఉంటే వాడేవాడికి హాయిగా ఉంటుంది, చటుక్కున పచ్చ పడుతుంది, "అబ్బ, ఎంత బాగా పనిచేస్తోందో" అనిపిస్తుంది. నా మొదటి ట్యూనర్ అదే రకం. ఒక స్ట్రింగ్ నాలుగు సెంట్లు పైన, పక్కది నాలుగు సెంట్లు కింద ఉన్నా రెండింటికీ పచ్చే చూపించేది. రెండింటి మధ్య ఎనిమిది సెంట్లు!

మీ ట్యూనర్ ఏ రకమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు, దీన్ని మాత్రం జాగ్రత్తగా చూడండి. ఫోన్‌లో ఏదైనా టోన్ జనరేటర్ యాప్ తెరిచి 440 హెర్ట్జ్ (సెకనుకు 440 ఊపులు, ట్యూనర్లు ఆధారంగా తీసుకునే 'ఏ' స్వరం) మోగించండి. ట్యూనర్ వినేలా పెట్టండి. క్లిప్-ఆన్ అయితే కేసు తీసేసి ఫోన్ అంచుకే తగిలించండి, చాలావరకు పట్టుకుంటుంది. 440 దగ్గర పచ్చగా ఉంటుంది, సరే. ఇప్పుడు ట్యూనర్‌లో క్యాలిబ్రేషన్ (ఆ ఆధార అంకెని మార్చే) బటన్ నొక్కి 441కి మార్చండి. ఒక్క హెర్ట్జ్ మారితే దాదాపు నాలుగు సెంట్లు. అంటే ఇప్పుడు మోగుతున్న స్వరం ట్యూనర్ లెక్కలో నాలుగు సెంట్లు కింద ఉంది. పచ్చ ఆరిపోవాలి. ఆరలేదా? అయితే దాని హద్దు కనీసం నాలుగు సెంట్లు. 439కి కూడా మార్చి అటువైపూ చూడండి. డబ్బా మీద ఏం రాసున్నా, మీ ట్యూనర్ అసలు రంగు ఇక్కడ బయటపడుతుంది.

పని అయ్యాక మళ్లీ 440కి పెట్టడం మర్చిపోకండి, దండం పెడతాను. నా రెండో కథ అదే. సంచిలో వేసినప్పుడు బటన్ నొక్కుకుపోయిందో, నేనే కెలికానో తెలియదు, ట్యూనర్ 442 మీద ఉంది. గిటార్ దానంతట అది చక్కగా పలుకుతోంది, ఎందుకంటే ఆరు స్ట్రింగులూ సమానంగా పైకెళ్లాయి. కీబోర్డ్ వాయించే స్నేహితుడితో కూర్చున్నాక తెలిసింది. దాదాపు ఎనిమిది సెంట్ల తేడా. సాయంత్రమంతా అతని కీబోర్డ్‌నే అనుమానించాను, మాటల్లో శ్రుతి మించి రాగాన కూడా పడింది. ఇంటికొచ్చి స్క్రీన్ మూలలో ఆ చిన్న అంకె చూసుకున్నాక ఫోన్ చేసి సారీ చెప్పాను. ట్యూనర్ మాత్రం అప్పటికే మార్చేశాను లెండి.

కొనేటప్పుడు స్ట్రోబ్ రకం గురించి తప్పకుండా వింటారు. ఇది కొత్తదేమీ కాదు, కాన్ కంపెనీ స్ట్రోబోకాన్ 1936 నాటిది. గీతలున్న ఒక చక్రం తిరుగుతుంటుంది, వెనక దీపం మీ స్వరంతో పాటు వెలిగి ఆరుతుంటుంది. రెండూ కలిస్తే గీతలు నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. స్వరం కొంచెం పైనుంటే ఒకవైపు, కిందుంటే రెండోవైపు జారుతాయి. ఇప్పటి స్ట్రోబ్‌లలో చాలావాటికి చక్రం లేదు, తెర మీద అదే బొమ్మ. ఇందులో నాకు నచ్చేది 0.1 అనే అంకె కాదు. ఇది "చాల్లే" అని మన తరఫున తీర్పు చెప్పదు. జారుతోందా లేదా, ఎంత వేగంగా జారుతోంది, అంతే చూపిస్తుంది. ఎక్కడ ఆపాలో మనిష్టం.

అలాగని గిటార్ మీద 0.1 సెంటు కోసం కూర్చోవడం వృథా. లావు స్ట్రింగ్ 82.41 హెర్ట్జ్. అక్కడ ఒక సెంటు అంటే 0.05 హెర్ట్జ్ కంటే తక్కువ. అంత తేడాలో ఉన్న రెండు స్వరాలు కలిసి మోగితే ఒక్క బీట్ పూర్తవడానికి 21 సెకన్లు పడుతుంది. అప్పటిదాకా ఆ స్ట్రింగ్ గట్టిగా మోగుతూ ఉండదు కూడా. పైగా స్ట్రింగ్ తన స్వరం మీద తనే నిలబడదు. గట్టిగా మీటితే సాగుతుంది, సాగితే స్వరం పైకెళ్తుంది, తర్వాత మెల్లగా కిందికి దిగుతుంది. ఇదిగో, చూడండి, బలంగా కొడుతున్నాను... ముల్లు పైకెళ్లి దిగింది కదా? ఏ క్షణాన్ని కొలవాలి?

నా మూడో ట్యూనర్ గోల ఇదే. ట్యూన్ చేసేటప్పుడు పిక్‌తో ఫట్‌మని కొట్టి, ముల్లు పైకెళ్లగానే కంగారుగా మర తిప్పి దించేవాణ్ణి. వాయించేటప్పుడేమో వేళ్లతో సుతారంగా మీటేవాణ్ణి. అంతా కింద పలికేది. వాయించేంత బలంతోనే మీటండి, మొదటి అదురు తగ్గేదాకా ఒక్క క్షణం ఆగి అప్పుడు చూడండి. మిగతా స్ట్రింగులని అరచేత్తో ఆపండి. స్వరం దాటి పైకెళ్లిపోతే, బాగా కిందికి దించి మళ్లీ పైకి తెచ్చి ఆపండి. పై నుంచి దించుతూ ఆపితే నట్ (మెడ చివర స్ట్రింగులు ఆనే పట్టీ) దగ్గర స్ట్రింగ్ ఇరుక్కుని, ఒక్క బెండ్ (స్ట్రింగ్‌ని పక్కకి లాగి పలికించడం) వాయించగానే జారిపోతుంది.

మళ్లీ మొదటి 'ఈ' మేజర్ దగ్గరికి వద్దాం. ఆ గునిసే స్వరం మూడో స్ట్రింగ్ మొదటి ఫ్రెట్, అంటే 'జీ' షార్ప్, కార్డ్‌లో మేజర్ థర్డ్. చెవికి పూర్తిగా తియ్యగా వినిపించే మేజర్ థర్డ్, మూల స్వరమైన 'ఈ' నుంచి లెక్కిస్తే, 386 సెంట్లు. ఆక్టేవ్‌ని పన్నెండు సమాన భాగాలు చేసిన ఫ్రెట్ల మీద అది 400. పధ్నాలుగు సెంట్లు పైన! దీని ముందు ట్యూనర్ల ఒకటీ అర సెంట్ల గొడవ ఏపాటిది? చెవి మంచిదైనవాళ్లు సాధారణంగా చేసే పొరపాటు ఏంటంటే, 'ఈ' మేజర్ తియ్యగా వినిపించేదాకా మూడో స్ట్రింగ్‌ని దించుతారు. వెంటనే 'సీ' మేజర్ వాయిస్తే అదే మూడో స్ట్రింగ్ ఓపెన్‌గా మోగుతూ, కిందికి జారి చెవి పిండుతుంది.

కొందరు కావాలనే ట్యూనర్‌ని వినరు. అమెరికన్ గాయకుడు, గిటారిస్టు జేమ్స్ టేలర్ తన అకౌస్టిక్ గిటార్‌లో ఆరో స్ట్రింగ్‌ని 12 సెంట్లు కిందికి పెడతాడు, మొదటిదాన్ని 3 సెంట్లు, మధ్యవి ఆ మధ్యలో. లావు స్ట్రింగులు మీటగానే పైకెళ్తాయి కాబట్టి ముందే దించి ఉంచుతాడన్నమాట. మీకూ ఇలాంటి ప్రయోగాలు ఇష్టమైతే సెంట్లని అంకెల్లో చూపించే ట్యూనర్ కొనండి, లైట్ల రకం పనికిరాదు.

నన్నడిగితే, ఇంట్లో అకౌస్టిక్ వాయించేవాళ్లకి ముల్లు సన్నగా కదిలే క్లిప్-ఆన్ చాలు, 441 పరీక్షలో నెగ్గితే ఇక ఆలోచించొద్దు. స్టేజీ ఎక్కేవాళ్లు చీకట్లోనూ ఎండలోనూ కనిపించే పెడల్ తీసుకోండి. స్ట్రోబ్ మీద డబ్బు పెట్టాల్సింది, బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద స్ట్రింగులు ఆనే చోటు) దగ్గర ఇంటొనేషన్, అంటే పై ఫ్రెట్ల మీద కూడా స్వరం సరిగ్గా పలకడం, సొంతంగా సరిచేసుకునేవాళ్లు. 12వ ఫ్రెట్ నొక్కిన స్వరాన్నీ అక్కడి హార్మోనిక్‌నీ పోల్చేటప్పుడు ఒక్కో సెంటూ లెక్కలోకి వస్తుంది.

ఇదిగో, అదే గిటార్, అదే ట్యూనర్. ఈసారి నిదానంగా మీటి, కింద నుంచి పైకి తెచ్చి ఆపాను. 'ఈ' మేజర్ వినండి... ఇందాకటి కంటే నయమే కదా? ఆ 'జీ' షార్ప్ మాత్రం ఇంకా కాస్త పైనే ఉంది. అది అంతే, అక్కడే ఉంటుంది.