ముగ్గురికీ ఒకే కొలత

అందరికీ నమస్కారం. స్టేజీ బట్టల గురించి మాట్లాడమని మీ మేడమ్ ఫోన్ చేసినప్పుడు, నేను మన నాటకాల కిరీటాల గురించో, సినిమా డాన్సు డ్రెస్సుల గురించో చెబుతానని అనుకుని ఉంటారు. ఇవాళ మాత్రం మిమ్మల్ని అమెరికాలోని డెట్రాయిట్ తీసుకెళ్తాను. ముగ్గురు అమ్మాయిల బట్టల్ని ఏడాది వారీగా దండెం మీద ఆరేసి చూస్తే వాళ్ల బతుకంతా కనిపించే ఉదాహరణ నాకు ఇంతకన్నా మంచిది దొరకలేదు. 1960లలో పాటలు పాడిన ఆ బృందం పేరు సుప్రీమ్స్.

డయానా రాస్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆమె మొదట్లో ముగ్గురిలో ఒకరు. మిగతా ఇద్దరు మేరీ విల్సన్, ఫ్లోరెన్స్ బల్లార్డ్. ముగ్గురూ ఉన్నది బ్రూస్టర్ ప్రాజెక్ట్స్‌లో. నల్లజాతి కుటుంబాల కోసం ప్రభుత్వం కట్టించిన ఇళ్లవి, మన హౌసింగ్ బోర్డు క్వార్టర్స్ లాంటివి అనుకోండి. 1959లో ఇంకో అమ్మాయితో కలిసి నలుగురుగా, ప్రైమెట్స్ అన్న పేరుతో మొదలుపెట్టారు. అప్పటికి అందరూ బడి పిల్లలే. పాటల రికార్డులు తీసే మోటౌన్ కంపెనీ యజమాని బెర్రీ గోర్డీ దగ్గరికెళ్తే, ముందు చదువు పూర్తి చేసుకు రమ్మన్నాడు. వీళ్లు ఊరుకోలేదు. రోజూ స్టూడియోకి వెళ్లి కూర్చుని, ఎవరి పాటకైనా చప్పట్లు కొట్టేవాళ్లు కావాలంటే మేమున్నామనేవాళ్లు. 1961 జనవరిలో కాంట్రాక్టు దొరికింది, పేరు మారింది. కొత్త పేరును ఎంచింది ఫ్లోరెన్స్. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

అప్పట్లో వాళ్లకు డిజైనర్ లేడు. డయానా చదివిన క్యాస్ టెక్నికల్ హైస్కూల్లో కుట్టుపని, డ్రెస్ డిజైనింగ్ నేర్పేవాళ్లు. కాబట్టి ఇంట్లో మిషన్ మీద కుట్టుకున్న బట్టలు, వూల్‌వర్త్ షాపులో కొన్న ఉత్తుత్తి ముత్యాల దండలు. మన దగ్గర అన్నీ పది రూపాయలకే అని అమ్ముతారు చూడండి, వూల్‌వర్త్ అలాంటి చవక షాపే. చేతిలో డబ్బు లేదు, చార్టుల్లో పాట లేదు. కంపెనీలో వాళ్లని ‘హిట్ లేని సుప్రీమ్స్’ అని ఆటపట్టించేవాళ్లు. మెడలో మాత్రం ముత్యాలు ఉండాల్సిందే.

1962 చివర్లో మోటౌన్ గాయనీగాయకులంతా ఒక బస్సులో దక్షిణాది రాష్ట్రాలు తిరిగారు. తెల్లవాళ్లకొక బాత్రూమ్, నల్లవాళ్లకొకటి ఉన్న రోజులవి. కొన్ని హోటళ్లలో అన్నం పెట్టరు, కొన్నిచోట్ల పడుకోనివ్వరు. అలాంటి చోట్ల, ఆ బస్సులోంచి ఇస్త్రీ మడత నలగకుండా దిగి స్టేజీ ఎక్కడం అంటే అది సోకు కాదు. మమ్మల్ని తక్కువ చేసి చూడ్డానికి నీకు ఏ సాకూ ఇవ్వం అని చెప్పడం. మన దగ్గర కూడా, ఊళ్లో ఎవరు చిన్నచూపు చూస్తారో వాళ్ల ఇంటి పెళ్లికే ఉన్నదాంట్లో మంచి చీర తీసి కట్టుకెళ్తాం కదా.

1964లో పాట తగిలింది. ఆ వేసవిలో ఊరూరా తిరిగే ఒక షోలో చిట్టచివరి పేరుగా బయల్దేరిన వాళ్లు, టూర్ అయ్యేసరికి పైకెక్కారు. వరసగా అయిదు పాటలు అమెరికాలో నంబర్ వన్. 1969 వరకూ లెక్కేస్తే మొత్తం 12. బీటిల్స్ ఊపేస్తున్న కాలంలో ఇది.

ఆ 1964లోనే మోటౌన్‌లో మ్యాక్సిన్ పవల్ అనే ఆవిడ చేరారు. డెట్రాయిట్‌లో మోడలింగ్ స్కూలు నడిపిన మనిషి. మిమ్మల్ని రెండే రెండు చోట్లకి తయారుచేస్తున్నాను, ఒకటి బకింగ్‌హామ్ ప్యాలెస్, రెండోది వైట్ హౌస్ అనేవారావిడ. ఎలా నడవాలి, ఎలా కూర్చోవాలి, కారులోంచి ఎలా దిగాలి, పాడుతున్నప్పుడు ముఖం ఎలా పెట్టాలి, అన్నీ ఆవిడ పాఠాలే. చోలీ అట్కిన్స్ అనే పాత తరం ట్యాప్ డాన్సర్ స్టెప్పులు చూసుకునేవాడు. వినడానికి అత్తగారింటికి పంపే ముందు చెప్పే బుద్ధుల్లా ఉన్నాయి కదా? నాకూ మొదట అలాగే అనిపించి కాస్త చిరాకేసింది. తర్వాత బట్టలు చూశాక కొంత అర్థమైంది.

ఎందుకంటే ఆ గౌన్లు అలాంటివి. నేల దాకా ఉంటాయి, ఒంటికి అతుక్కుని ఉంటాయి. మోకాళ్ల దగ్గర కొలత బిగువు. అలాంటి గౌనులో పెద్ద అంగ వేయలేరు, గెంతలేరు, గిర్రున తిరగలేరు. మరి డాన్సు ఎక్కడ్నుంచి వస్తుంది? నడుం, భుజాలు, మణికట్టు. సుప్రీమ్స్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే భంగిమ ఒకటే, అరచెయ్యి ముందుకు చాపి ఆగమనడం. ‘స్టాప్! ఇన్ ది నేమ్ ఆఫ్ లవ్’ పాటలోది. 1965లో లండన్‌లో టీవీ షోకి ముందు, ఆఖరి నిమిషంలో మోటౌన్‌లోనే పాడే టెంప్టేషన్స్ బృందం కుర్రాళ్లు నేర్పించారట. హడావుడిలో పుట్టిన స్టెప్పే. కానీ ఆ బిగువు గౌనుకి అంతకన్నా సరిపోయేది ఆర్నెల్లు కూర్చుని ఆలోచించినా దొరకదు. కొరియోగ్రఫీ చేసేవాళ్లు సగం పని టైలర్‌కే వదిలేస్తారని నేనెప్పుడూ అంటుంటాను, నామీద కోప్పడుతుంటారు.

ఇక్కడ టీవీ సంగతి కూడా చెప్పాలి. 1964 డిసెంబర్ 27న వాళ్లు మొదటిసారి ఎడ్ సలివన్ షోలో కనిపించారు. ఆదివారం రాత్రి అమెరికా మొత్తం చూసే ప్రోగ్రాం అది. అప్పుడది నలుపు తెలుపు. మరుసటి ఏడాది చివరికి ఆ షో కలర్‌లోకి మారింది. నలుపు తెలుపు తెరమీద బట్ట రంగు పనిచెయ్యదు. వెలుగు నీడలు పనిచేస్తాయి, ఆకారం పనిచేస్తుంది. తెర కలర్ అయ్యాక గులాబీ, నిమ్మపండు, ఆకుపచ్చ అన్నీ అక్కరకొచ్చాయి. తర్వాత పెద్ద టీవీ యాంకర్ అయిన ఓప్రా విన్‌ఫ్రీ చిన్నప్పుడు ఆ షోలో వీళ్లని చూసి కళ్లప్పగించిందట, టీవీలో నల్లవాళ్లు అలా మెరిసిపోతూ కనిపించడం అప్పటికి అంత కొత్త.

1965 జూలైలో న్యూయార్క్ కోపకబానా క్లబ్బులో పాడారు. డబ్బున్న తెల్లవాళ్లు టేబుళ్ల చుట్టూ కూర్చుని భోంచేస్తూ వినే చోటు. అక్కడ నెగ్గాక ఇక లాస్ వేగస్ హోటళ్లు. కుర్రకారు పాటలు పాడేవాళ్లు పెద్దవాళ్ల క్లబ్బుల్లోకి వెళ్లాలంటే బట్టల ఖరీదు పెరగాలి. పెరిగింది. మైకేల్ ట్రావిస్, బాబ్ మాకీ లాంటి పేరున్న డిజైనర్లు వచ్చారు. విగ్గులు ఎత్తు పెరిగాయి. ఆఖరికి వాళ్ల ఫొటోలు వేసిన రేపర్లో బ్రెడ్డు కూడా అమ్మారు, అదీ వైట్ బ్రెడ్డు. దాని మీద జోకులు మీరే వేసుకోండి.

ఇక పనివాళ్ల మాట. ఆ గౌన్ల మీద ఉన్నదంతా చమ్కీలు, సన్న గొట్టాల్లాంటి గాజు పూసలు. మన మగ్గం వర్క్ వాళ్లు కట్‌దానా, పైపు పూస అంటారు. ఒక్క జాకెట్టు చేతికి, మెడకి ఆ పని చేయిస్తేనే ఎంత బరువు వస్తుందో మీకు తెలుసు. భుజం నుంచి పాదం దాకా ఊహించండి. దానికింద లైనింగ్ గట్టిగా లేకపోతే పూసల బరువుకి పైబట్ట సాగుతుంది. నా తప్పు ఒకటి చెబుతాను. పనిలో కొత్తల్లో, ఒక డాన్స్ ప్రోగ్రాం కోసం షిఫాన్ మీద పూసల పని చేయించి, ముందు రోజు రాత్రి ముచ్చటగా హ్యాంగర్‌కి తగిలించాను. తెల్లారేసరికి అంచు రెండంగుళాలు కిందికి దిగింది, అదీ ఒక పక్కే. ప్రోగ్రాం టైముకి ఆ అమ్మాయి గౌను తొక్కుకుంటూ స్టేజీ ఎక్కింది. నాకు వచ్చిన టెన్షన్ ఇంతా అంతా కాదు. పూసల గౌనుని వేలాడదీయకూడదు, పడుకోబెట్టాలి. మ్యూజియం వాళ్లు చేసేది కూడా అదే.

అది కూడా ఒకటి కాదు, ముగ్గురికి మూడు. పూస వరస పూస వరసకి కలవాలి, అంచు అంచుకి కలవాలి. పక్కపక్కన నిలబడితే నడుములు ఒకే ఎత్తులో ఉన్నట్టు కనిపించాలి. మనుషులు మాత్రం ముగ్గురూ మూడు రకాలు. డయానా సన్నం. ఫ్లోరెన్స్ పుష్టిగా, ఎత్తుగా ఉండేది. టైలర్ అయితే మనిషికి తగ్గట్టు బట్ట మారుస్తాడు. కంపెనీ బట్టకి తగ్గట్టు మనిషిని మారమంటుంది.

1967లో జరిగింది అదే. ఫ్లోరెన్స్ ఒళ్లు చేసిందని సణుగుడు, తాగుతోందని, రిహార్సల్‌కి రావట్లేదని ఫిర్యాదులు. ఆమె బాధ వేరే ఉంది. పేరు పెట్టింది తను, గుంపుని కూడగట్టింది తను, ఇప్పుడు పాటలన్నీ డయానావి. మైకులు చూసినా తెలుస్తుంది: ఒకటి డయానాకి, ఇంకోదాని దగ్గర మేరీ, ఫ్లోరెన్స్ ఇద్దరూ. జూలైలో లాస్ వేగస్ ఫ్లమింగో హోటల్లో ప్రోగ్రాములు నడుస్తుండగానే ఆమెని ఇంటికి పంపేశారు. సిండీ బర్డ్‌సాంగ్ వచ్చి ఆ స్థానంలో నిలబడింది. సిండీకి ఫ్లోరెన్స్ పోలికలు ఉన్నాయని అందరూ అనేవాళ్లు. ఒకేలాంటి గౌన్లలో ఒకేలా నిలబడే ముగ్గురిలో ఒకర్ని మారిస్తే, వెనక బల్లల దగ్గర కూర్చున్నవాడికి తెలియకపోవచ్చు. యూనిఫాంకి ఉన్న సౌకర్యమే అది. పేరు కూడా ‘డయానా రాస్ అండ్ ది సుప్రీమ్స్’ అయిపోయింది. ఫ్లోరెన్స్ 1976లో, 32 ఏళ్లకే చనిపోయింది.

ఆ 1967 జూలైలోనే వాళ్ల సొంత ఊరు డెట్రాయిట్ తగలబడింది. పోలీసు దాడితో మొదలైన అల్లర్లు రోజుల తరబడి సాగాయి. ఆ పొగ ఆరాక చూస్తే, సుప్రీమ్స్ గౌన్లు అవే, అర్థం మారిపోయింది. 1964లో పెద్దపెద్ద వాకిళ్లు తెరిపించిన ముత్యాలే ఇప్పుడు తెల్లవాళ్ల మెప్పు కోసం వేసుకున్నవన్న మాట పడ్డాయి. నల్లజాతి యువత జుట్టుని ఉన్నదున్నట్టు వదిలేస్తున్న కాలం, వీళ్లేమో విగ్గుల్లో. ఈ విమర్శలో నిజం లేదని నేననను. కాకపోతే, విసురుతున్నవాళ్లు వూల్‌వర్త్ దండని మర్చిపోయారు.

మోటౌన్ బుర్రున్న కంపెనీ, గాలి ఎటు వీస్తోందో పసిగట్టింది. 1968 సెప్టెంబర్ 29న ఎడ్ సలివన్ షోలో ‘లవ్ చైల్డ్’ పాడారు. పేదరికంలో, పెళ్లికాని తల్లికి పుట్టిన అమ్మాయి గొంతుతో సాగే పాట. గౌన్లు లేవు. డయానా స్వెట్‌షర్టుతో, చెప్పుల్లేకుండా నిలబడింది. జనం ఇది నిజమైన సుప్రీమ్స్ అన్నారు. పాట నంబర్ వన్ అయింది.

నేను ఒప్పుకోను. నిజంగా క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో వాళ్లు వేసుకున్నది ముత్యాలు. పాత స్వెట్‌షర్టు వేసుకుంది చేతినిండా డబ్బొచ్చాక, కంపెనీ రాయించిన పాటకి. రెండూ వేషాలే, ఆ రెండింట్లో వాళ్లంతట వాళ్లు ఎంచుకున్నది మొదటిది.

ఇంకో రెండు నెలలు తిరక్కుండా, నవంబర్‌లో, లండన్ పల్లాడియం థియేటర్లో ఇంగ్లండ్ రాజమాత ఎదుట పాడారు. పవల్ గారు చెప్పిన ప్యాలెస్ కాకపోయినా, ప్యాలెస్ వాళ్లే వచ్చారు. మళ్లీ నిలువునా పూసల గౌన్లు. వాటికి ఆ తర్వాత రాజమాత పేరే స్థిరపడింది. నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. పాట మధ్యలో డయానా ఆగి, కింగ్ ప్రసంగంలోని ఆఖరి మాటలు, చివరికి స్వేచ్ఛ దొరికిందన్న మాటలు, ఆ రాజకుటుంబం ముందు చెప్పింది. స్వెట్‌షర్టులో హిట్ పాట, పూసల గౌనులో నిరసన. బట్టని చూసి లోపలి మాట ఏంటో తేల్చేసే పరీక్షకులు ఈ రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూడాలి.

1970 జనవరిలో డయానా వెళ్లిపోయింది. జీన్ టెరెల్ వచ్చింది. ఆ తర్వాతి మార్పులన్నీ చెప్పను, చాలామంది వచ్చారు, వెళ్లారు. మొదటి నుంచి చివరి దాకా, 1977లో బృందం మూతపడేదాకా, ఉన్నది మేరీ విల్సన్ ఒక్కతే. సుప్రీమ్స్ అన్న పేరు కంపెనీది, ఆమెది కాదు. పాత బృందాల పేరు పెట్టుకుని ఎవరెవరో ప్రోగ్రాములు చేయకుండా చట్టాలు తేవాలని ఆమె అమెరికాలో రాష్ట్రం తర్వాత రాష్ట్రం తిరిగింది. గౌన్లు మాత్రం దాచుకుంది. 2008లో అవి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు. 2019లో ఆ బట్టల మీదే ఒక పుస్తకం తెచ్చింది. 2021 ఫిబ్రవరిలో చనిపోయింది.

సరే, ఆ వెనక లైట్లు ఒక్కసారి ఆపండి. ‘స్టాప్’ పాట వీడియో వేస్తాను, మూడు నిమిషాలు కూడా ఉండదు. అందరూ చేతులే చూస్తారు. మీరు మాత్రం పాదాలు చూడండి, ఎంత మేర కదులుతున్నాయో లెక్కపెట్టండి. రెండోసారి వేసినప్పుడు ఫ్లోరెన్స్ ఎక్కడ నిలబడిందో చూడండి.