బ్రేకు పడకముందు పదిహేను సెకన్లు: డ్యాష్‌క్యామ్ వీడియో చూసే పద్ధతి

నమస్కారం. ఒడిశాలోని జయపురం నుంచి మాట్లాడుతున్నాను. మావి రెండు లారీలు. కోరాపుట్, పొట్టంగి మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు వైపు లోడు తోలుతాయి. ఆ ఘాట్ ఎలాంటిదో తోలినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రెండేళ్ల క్రితం రెండు బండ్లకీ కెమెరాలు పెట్టించాను. ఒకటి రోడ్డు వైపు, ఒకటి క్యాబిన్ లోపలికి.

ముందు కెమెరాలోని మెమరీ కార్డు సంగతి. కార్డు నిండగానే పాత వీడియో మీద కొత్తది ఎక్కేస్తుంది. గుద్దుకుంటే, గట్టిగా కుదిపితే కెమెరా ఆ ఫైల్‌ని లాక్ చేస్తుంది, కానీ ప్రతిసారీ చేస్తుందని నమ్మకండి. ఏదైనా జరిగిన రోజే కాపీ తీసుకోండి.

ఇప్పుడు ఈ క్లిప్ చూడండి. మా డ్రైవర్ ఒప్పుకున్నాకే చూపిస్తున్నాను, ముఖం కనబడకుండా చేశాను. మలుపులో బైకు, బ్రేకు, బైకు పక్కనుంచి వెళ్లిపోయింది. జానెడు దూరంలో తప్పింది. మొదటిసారి చూసి నేను బైకువాడిదే తప్పు అనేశాను.

అక్కడ ఆపి, పదిహేను సెకన్లు వెనక్కి వెళ్లండి. అసలు విషయం అక్కడుంటుంది.

ముందు స్పీడు లెక్క. హైవే పక్కన 200 మీటర్లకో చిన్న రాయి ఉంటుంది కదా. ఒక రాయి నుంచి ఇంకో రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. ఇక్కడ 16 సెకన్లు. అంటే గంటకి 45 కిలోమీటర్లు, సెకనుకి పన్నెండున్నర మీటర్లు.

ఇప్పుడు అదే టైముకి క్యాబిన్ వీడియో. ఇదిగో, డ్యాష్‌బోర్డు మీద ఫోన్ వెలిగింది. చూపు కిందికి పోయింది. ఒకటి, రెండు, మూడు. మూడు సెకన్లలో బండి 37 మీటర్లు వెళ్లిపోయింది. మలుపు ముందు పెట్టిన హెచ్చరిక బోర్డు సరిగ్గా ఆ మూడు సెకన్లలోనే దాటిపోయింది.

ఫోన్ చేసింది ఎవరో తెలుసా? నేనే. ‘ఎక్కడున్నావ్, లోడు ఎప్పుడు దింపుతావ్’ అని అడగడానికి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు మా బండ్లు ఘాట్‌లో ఉంటే ఫోన్ చేయను. సాలూరులో ఆగాక వాళ్లే చేస్తారు.

అమెరికాలో వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్లు 100 కార్లకి కెమెరాలు పెట్టి ఏడాదికి పైగా రికార్డు చేశారు. ఫలితాలు 2006లో వచ్చాయి. గుద్దుకున్నవి వందలోపే, కొద్దిలో తప్పినవి 700 దాటాయి. గుద్దుకున్నవాటిలో దాదాపు 80 శాతంలో, ముందరి మూడు సెకన్లలో డ్రైవర్ ధ్యాస రోడ్డు మీద లేదు. కాబట్టి దెబ్బ తగల్లేదు కదా అని క్లిప్ చెరిపేయకండి. ఎక్కువ దొరికేవి అవే, ఎవరూ పోకముందే నేర్పేవీ అవే.

రెండో క్లిప్. దీన్ని చూడటమే కాదు, వినండి కూడా. దిగుడులో ఇంజిన్ మోత ఒక్కసారి తగ్గిపోయింది, రాళ్లు మాత్రం త్వరత్వరగా వెనక్కి పోతున్నాయి. బండి న్యూట్రల్‌లో ఉందన్నమాట. గేరులో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, డ్రమ్ములు కాలిపోయి బ్రేకు పట్టు తప్పుతుంది. మర్నాడు దాన్నే మనం ‘బ్రేక్ ఫెయిల్’ అంటాం. న్యూట్రల్ ఎందుకు వేశావంటే డీజిల్ మిగులుతుందన్నాడు. మిగిలిన డీజిల్ డబ్బు డ్రైవరుకే అనే పద్ధతి పెట్టింది ఓనర్లం మనమే కదా.

ఒక జాగ్రత్త. ఈ కెమెరాల్లో ఎదురు బండి ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. ‘అంత దూరం ఉంది కదా, ఎందుకు ఆపలేదు’ అని తొందరపడి తిట్టకండి.

ఈ వారం మీ బండి కార్డు తీయండి. గట్టిగా బ్రేకు పడ్డ చోటు ఒక్కటి వెతకండి. డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకుని, టీ ఇచ్చి, ఇద్దరూ కలిసి చూడండి. ‘ఎందుకు చేశావ్’ అనకండి. ‘అప్పుడు ఏం జరుగుతోంది తమ్ముడూ’ అని అడగండి.