సన్న ఫోన్ కావాలని అడిగిందెవరు? సాయంత్రం దాకా చార్జింగ్ నిలిస్తే చాలంటున్నాం కదా!

అందరికీ నమస్తే అబ్బా. మన తిరుపతిలో ఏ ఫోన్ షాపులో అయినా కౌంటర్ పక్కన కాసేపు నిలబడి వినండి, వచ్చేవాళ్ళు అడిగే మొదటి మాట "అన్నా, చార్జింగ్ ఎంతసేపు వస్తాది?" అనే, ఆ తర్వాత కెమెరా, ఆ తర్వాత ఈఎంఐ. "ఇది ఎన్ని మిల్లీమీటర్ల మందం ఉండాది" అని అడిగినోళ్ళని నేనైతే చూడలేదు.

మరి 2025లో కంపెనీలు అంత హడావుడిగా మన ముందుకు తెచ్చిందేంది? మే నెలలో శాంసంగ్ గెలాక్సీ ఎస్25 ఎడ్జ్, మందం 5.8 మిల్లీమీటర్లు, బ్యాటరీ 3900 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జింగ్ పడుతాదో చెప్పే కొలత). సెప్టెంబర్‌లో ఐఫోన్ ఎయిర్, 5.6 మిల్లీమీటర్లు, బ్యాటరీ దాదాపు 3150, వెనక ఒక్కటే కెమెరా. రెండూ లక్ష దాటిన రేటుతో వచ్చిన ఫోన్లే. ఎయిర్‌తో పాటే వెనక అతికించుకునే బ్యాటరీ ప్యాక్ ఒకటి విడిగా అమ్మకానికి పెట్టారు, అది తగిలించినాక ఆ సన్నదనం ఎక్కడుంటాది చెప్పండి.

సన్న ఫోన్ ఇష్టపడేవాళ్ళ మాట కూడా తీసిపారేయకూడదు. వాళ్ళతో మాట్లాడితే నాకు అర్థమైంది ఏందంటే వాళ్ళకి కావాల్సింది బరువు తగ్గడం. శాంసంగ్‌దే పెద్ద ఫోన్ ఎస్25 అల్ట్రా 218 గ్రాములు, ఎడ్జ్ 163 గ్రాములు, ఆ తేడా చేతికి తెలుస్తాది, మణికట్టు నొప్పి ఉన్న పెద్దోళ్ళకి, రాత్రి పడుకుని ఫోన్ పైకి పట్టుకుని చదువుకునే పిల్లోళ్ళకి అది నిజంగా పెద్ద సుఖం. కానీ ఆ సుఖం కోసం రోజూ మధ్యాహ్నమే చార్జర్ వెతుక్కోవాలంటే ఎట్లా? ఇంకొకటి, కంపెనీ చెప్పే ఆ 5.6 కెమెరా గడ్డ ఉన్న చోట కొలిచింది కాదు, దాని మీద మనం పౌచ్ వేస్తాం, టెంపర్డ్ గ్లాస్ వేస్తాం, జేబులో పెట్టేసరికి మామూలు ఫోన్‌కీ దానికీ తేడా చాలా వరకు పోతాది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తా, నాకు అసలు బాధ ఇక్కడే. ఐఫోన్‌ని సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిలే చెప్తాది. మే నెలలో తిరుపతిలో ఎండ 40 దాటుతాది కదబ్బా! పగలంతా బండి మీద ఫుడ్ డెలివరీ చేసే అబ్బాయి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించుకుని, మ్యాప్ ఆన్‌లో, బ్రైట్‌నెస్ ఫుల్లు, డేటా ఆన్, పైన ఎండ, ఇట్లా వాడితే ఏ బ్యాటరీ అయినా గబగబా కారిపోతాది, పైగా వేడి తగిలే కొద్దీ లిథియం బ్యాటరీ ఆయుష్షు కూడా తగ్గిపోతాది, అది కెమిస్ట్రీ, ఎవరూ తప్పించలేరు. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి పోయేవాళ్ళని చూడండి, దారంతా ఫోటోలు, వీడియో కాల్స్, సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ ఇంకా ఎక్కువ తాగేస్తాది. దర్శనానికి ముందు ఫోన్ డిపాజిట్ చేసి, గంటల తర్వాత బయటికొచ్చి తీసుకునేసరికి అది చచ్చిపోయుంటే, ఊరు తెలియని ముసలాయన తనతో వచ్చినోళ్ళని ఆ జనంలో ఎట్లా వెతుక్కోవాలి? ఆయనకి అప్పుడు కావాల్సింది ఒక్క ఫోన్ కాల్‌కి సరిపడా చార్జింగ్.

సరే, సన్నగా ఉంటే బ్యాటరీ చిన్నదే ఉండాలా? అదీ లేదు ఇప్పుడు. మామూలు లిథియం బ్యాటరీలో ఒక వైపు గ్రాఫైట్ ఉంటాది, దానికంటే సిలికాన్ చాలా ఎక్కువ లిథియంని పట్టుకోగలదు, సమస్య ఏందంటే చార్జ్ అయ్యేటప్పుడు సిలికాన్ మూడింతల దాకా ఉబ్బుతాది, మళ్ళీ తగ్గుతాది, అట్లా పగుళ్ళు వస్తాయి. అందుకే దాన్ని కార్బన్‌తో కలిపి వాడుతున్నారు, అదే సిలికాన్ కార్బన్ బ్యాటరీ. 2023లో చైనాలో హానర్ మొదలుపెట్టింది, ఇప్పుడు వన్‌ప్లస్ 13లో 6000, వన్‌ప్లస్ 15లో 7300 ఎంఏహెచ్ అట్లానే పట్టించారు, సైజు మామూలు ఫోన్ సైజే. ఎస్25 ఎడ్జ్‌లో మాత్రం అది వాడలేదు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే టెక్నో పోవా స్లిమ్, ఇరవై వేల లోపు రేటుతో వచ్చింది, 5.95 మిల్లీమీటర్లు, 5160 ఎంఏహెచ్. స్క్రీన్ పెద్దది కాబట్టి లోపల చోటు ఎక్కువ, కెమెరా, ప్రాసెసర్ ఆ రేటుకి తగ్గట్టే ఉంటాయి, అది ఒప్పుకుంటా. కానీ ఇరవై వేల ఫోన్‌లో కుదిరిన బ్యాటరీ లక్ష పెట్టినోడికి ఎందుకు రాలేదు అని అడగాల్సిందే.

మనకి అడిగే హక్కు లేదా? 2015లో షావోమీ ఇండియాలో చేసిన మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్ మన తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలోనే తయారైంది. మన ఎండలో తయారయ్యే వస్తువు మన ఎండని తట్టుకోవాలి.

చివరిగా కొనేముందు ఒక లెక్క వేసుకోండి, ఇది ఎవరూ చెప్పరు. ఏ బ్యాటరీ అయినా కొన్నాళ్ళకి 80 శాతానికి పడిపోతాది. 6000 ఉన్న ఫోన్‌కి అప్పుడు కూడా 4800 మిగుల్తాది, ఇంకా రోజంతా వస్తాది. 3150 ఉన్నదానికి మిగిలేది 2520. అంటే సన్న ఫోన్ కొన్నోళ్ళకి బ్యాటరీ మార్చే ఖర్చు ముందు వస్తాది, అది జిగురుతో అతికించి ఉంటాది కాబట్టి విప్పించడం కూడా అందరి దగ్గరా కుదరదు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి రూల్ పెట్టారు, 800 సార్లు ఫుల్ చార్జ్ అయినాక కూడా బ్యాటరీలో 80 శాతం మిగిలి ఉండాలని. అట్లాంటి రూల్ మనకీ కావాలి, అంతదాకా షాపులో డబ్బులు కట్టే ముందే "రెండేళ్ళ తర్వాత బ్యాటరీ మార్చాలంటే ఎంత, తిరుపతిలోనే మారుస్తారా, చెన్నై పంపాలా" అని అడగండి, ఆ సమాధానం బిల్లు మీద రాయించుకోండి.