తంగు కింద మెత్త ఎంత మందం ఉండాలి?

నమస్తే! మాలేగావ్ జాత్ర దగ్గర పడితే చాలు, నన్ను అందరూ అడిగేది ఒకటే. "అన్నా, గుర్రానికి తంగు ఒరుస్తోంది, ఇంకాస్త మందం మెత్త దొరుకుతుందా?" తంగు అంటే జీను జారకుండా గుర్రం ఛాతీ కింద నుంచి బిగించే పట్టీ. నాసిక్ వైపు మాలేగావ్ కాదండీ, మన నాందేడ్ జిల్లా లోహా తాలూకాది, మార్గశిరంలో జరిగే ఖండోబా జాత్ర. విని విని విసుగొచ్చింది, అందుకే ఈ వీడియో.

మందం పెంచితే ఒరుపు తగ్గదు. బిగుతు చెప్పు కరుస్తోందని లోపల దూది కుక్కితే ఏమవుతుంది? ఇంకా బిగుస్తుంది, ఇంకా కరుస్తుంది. పాత దుప్పటి నాలుగు మడతలేసి తంగు కింద పెట్టడం కూడా అంతే. మడత అంచు చర్మాన్ని కోస్తుంది. పైగా కాసేపు నడిచేసరికి మెత్త అణిగి, తంగు వదులై, జీను పక్కకు జారుతుంది. ఊరేగింపులో గుర్రమెక్కిన పెళ్లికొడుకు సంగతి చెప్పక్కర్లేదు.

(తంగు లోపలి వైపు కెమెరాకు దగ్గరగా)

ఒరుపుకు అసలు కారణం ఇదిగో, ఉన్నిలో ఈ గరుకు చూడండి. ఎండిన చెమట ఉప్పు, దుమ్ము, అట్టకట్టిన వెంట్రుకలు. చెప్పులో ఇసుక పడితే ఎంత ఖరీదైన చెప్పైనా కరుస్తుంది కదా! ముందుకాలి మోచేతి వెనక చర్మం వదులుగా ఉంటుంది, అడుగడుక్కీ కదులుతుంది. అక్కడ ఈ గరుకు తగిలితే ముందు వెంట్రుక ఊడుతుంది, తర్వాత పుండే. బరాత్‌లకు, అంటే పెళ్లి ఊరేగింపులకు, తిప్పే నుక్రా అనే తెల్ల గుర్రాలకు తెల్లటి ఒంటి కింద గులాబీ రంగు చర్మం, అది ఇంకా త్వరగా కందుతుంది.

ఏది కొనాలి? రెక్సిన్ చుట్టిన ఫోమ్ మెరుస్తుంది, వద్దు. చెమట పీల్చదు, కింద ఉడకపెడుతుంది. నియోప్రీన్ అనే రబ్బరు మెత్త జారకుండా పట్టి ఉంచుతుంది, కడగడం తేలిక, కానీ వేడి పట్టేస్తుంది. కొన్ని గుర్రాలకు అసలు పడదు. అసలైన గొర్రె ఉన్ని తోలు అన్నిటికన్నా హాయి, కాకపోతే ఖరీదు, చాకిరీ. రోజూ తిప్పే గుర్రానికి నేనైతే నూలు తంగు, పైన ఉతుక్కునే తొడుగు అంటాను. అతుకులు, బకిల్ అంచులు చర్మానికి తగలకూడదు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. తంగు మోచేతికి నాలుగు వేళ్లు వెనక ఉండాలి. ఒక్కసారే బిగించకండి, రెండు మూడు దఫాలుగా బిగించండి. బిగించాక ముందుకాళ్లు ఒక్కొక్కటి ముందుకు చాపితే మడతపడ్డ చర్మం సర్దుకుంటుంది. దింపగానే ఒళ్లు తడిగుడ్డతో తుడవండి. తొడుగు తక్కువ ఘాటున్న సబ్బుతో ఉతికి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించి నీడలో ఆరేయండి. గొర్రె తోలును ఎండలో వేస్తే అట్టలా బిగుసుకుపోతుంది. పుండు పడితే బుకింగ్ ఉన్నా సరే, మానేదాకా జీను వద్దు. గుండ్రంగా మచ్చలు మచ్చలుగా వెంట్రుక రాలుతుంటే అది ఒరుపు కాకపోవచ్చు, తామర కావచ్చు. పశువుల డాక్టరుకు చూపించండి, ఆ తంగు ఇంకో గుర్రానికి కట్టకండి.