అందరూ కొన్న కారే కొనండి

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం, అందుబాటు ధరలో ఒక స్పోర్ట్స్ కారు కొని రేపటి క్లాసిక్‌గా దాచుకోవడం ఎలా అని. అందులో దాచుకోవడం అన్న ముక్క నాకు నచ్చలేదు, ఎందుకో తర్వాత చెప్తా. ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీలో సగం మంది దానికోసమే వచ్చారని తెలుసు.

కొత్త కారు ధర షోరూమ్ దాటిన రోజునుంచే జారుతుంది, ఏళ్ల తరబడి దిగి దిగి ఒకచోట అడుగు తాకుతుంది, అక్కడ కొంతకాలం కదలకుండా ఉండి, తర్వాత కొన్ని మోడళ్లు మాత్రం పైకి లేస్తాయి, మిగతావి తుక్కుకి పోతాయి. ఆ అడుగున ఉన్నప్పుడు కొనమని అందరూ చెప్తారు. ఖర్చు గురించే ఎవరూ నోరు విప్పరు. బీమా, పన్ను, పెట్టుకోవడానికి చోటు, టైర్లు, ఆయిల్, మధ్యలో ఒక పెద్ద రిపేరు, అన్నీ కలిపి ఏడాదికి కారు ధరలో పదో వంతు వేసుకోండి, ఇది నా అంచనా, తక్కువే వేశాను. పదేళ్లకి ఇంకో కారు ధర పెట్టేసినట్టే కదా! అంటే ధర రెట్టింపైనా చేతికి మిగిలేది సున్నా. లాభమే కావాలనుకుంటే ఆ డబ్బు బ్యాంకులో వేసుకుని హాయిగా నిద్రపోండి. కాకపోతే మామూలు కారు మీద పెట్టింది దాదాపు మొత్తం పోతుంది, ఇందులో పదేళ్లు సరదాగా తిరిగాక కూడా కొన్న ధర అయినా వెనక్కి వచ్చే అవకాశం ఉంది. నాకైతే అది చాలు.

సరే, ఏ కారు? చాలామంది అరుదైన దాని వెంట పడతారు, తక్కువ తయారైంది కాబట్టి రేపు విలువ పెరుగుతుందని. కోట్లు పలికే కార్లకి ఆ లెక్క పనికొస్తుందేమో, మన బడ్జెట్‌లో వచ్చేవాటికి మాత్రం నేను ఒప్పుకోను. ఎంజీ బీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు సంగతి చూడండి. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారైంది, అరుదు అన్న మాటే లేదు. కానీ అంతమంది కొన్నారు కాబట్టే దాని విడిభాగాలు తయారుచేసేవాళ్లకి గిట్టుబాటవుతోంది, 1988లో అయితే ఏకంగా కొత్త బాడీ షెల్లే, అంటే కారు ఇనుప ఒళ్లంతా, మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టారు. మాజ్దా వాళ్ల చిన్న ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు ఎంఎక్స్-5 కూడా అంతే. 1989లో వచ్చింది, 2016లో పది లక్షల మార్కు దాటింది, మొదటి తరం కార్లని బాగుచేసి ఇచ్చే పనిని జపాన్‌లో కంపెనీయే చేపట్టింది. అదే ఎవరూ కొనక మూలపడిన మోడల్‌ని మీరు ముచ్చటపడి తెచ్చుకున్నారనుకోండి, వెనక లైటు అద్దం ఒకటి పగిలితే దానికోసం నెలల తరబడి వెతకాలి, అన్నాళ్లూ కారు కదలదు.

పైగా ఇరవై ఏళ్ల కిందటి కార్లలో ఇంకో తలనొప్పి ఉంది. ఇంజిన్ పాడైతే ఏ మంచి మెకానిక్ అయినా విప్పి బాగుచేస్తాడు. ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, అదే కంట్రోల్ యూనిట్, చచ్చిపోతే, ఆ కంపెనీ దాన్ని తయారుచేయడం మానేసి ఉంటే, ఎవరినడగాలి? తుక్కుకి పోయిన ఇంకో కారులోంచి తీయాలి, తీసినా తాళంచెవి కోడ్‌తో జత కుదర్చాలి. అప్పుడు కూడా ఆదుకునేది ఆ మోడల్ ఎక్కువగా అమ్ముడవడమే. అందుకే నా సలహా ఒకటే, మోడల్ మామూలుదైనా పర్వాలేదు, ఆ కారు ఉన్న కండిషన్ మాత్రం అరుదుగా దొరికేదై ఉండాలి.

అమ్ముడైనవన్నీ క్లాసిక్‌లు అయిపోవులెండి. చిన్నప్పుడు ఆ కారు పోస్టర్ గోడమీద అంటించుకున్న పిల్లలకి నలభై దాటి చేతిలో డబ్బు ఆడే వయసొచ్చినప్పుడు ధర లేస్తుంది, ఇది ప్రతి తరంలోనూ జరిగేదే. రెండోది, ఇక మళ్లీ ఎవరూ తయారుచేయరు అనిపించే గుణం ఏదో ఉండాలి. హోండా ఎస్2000 సంగతే తీసుకోండి, 1999లో టర్బో లేకుండా రెండు లీటర్ల ఇంజిన్‌తో 240 హార్స్‌పవర్, దాదాపు 9,000 ఆర్‌పీఎం దాకా పరుగు. ఇప్పటి కాలుష్య నిబంధనల్లో అలాంటిది మళ్లీ రావడం కష్టం, ఆ సంగతి జనానికి తెలిసిపోయింది, ధర కూడా పెరిగిపోయింది. అందుకే నేనైతే ఇంకా పూర్తిగా లేవని వాటిని చూస్తా. మొదటి తరం పోర్షే బాక్స్‌స్టర్ 1996లో వచ్చింది, పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్కలో 30 ఏళ్లు నిండితేనే చారిత్రక వాహనం కాబట్టి దానికి ఇప్పుడిప్పుడే ఆ వయసొస్తోంది. 2005లో వచ్చిన మూడో తరం ఎంఎక్స్-5ని పాత అభిమానులు లావైపోయిందని చిన్నచూపు చూస్తారు గానీ, ఆ వరసలో హైడ్రాలిక్ స్టీరింగ్, అంటే ఆయిల్ ఒత్తిడితో చేతికి సాయపడేది, ఉన్న ఆఖరి తరం అదే, తర్వాత వచ్చినదానికి ఎలక్ట్రిక్ పెట్టేశారు. రోడ్డు ఎలా ఉందో చేతికి తెలియడం అంటే ఏమిటో రెండూ వరసగా నడిపితే అర్థమవుతుంది.

ఇప్పుడు చూసి కొనడం దగ్గరికి వద్దాం, అసలు పని ఇక్కడే ఉంది.

మొదటి తరం ఎంఎక్స్-5 చూడ్డానికి వెళ్లారనుకోండి. బానెట్ ఎత్తకండి, అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇంకోటి, తలుపు కింద పొడుగ్గా వెళ్లే పెట్టెలాంటి ఇనుప భాగం ఉంటుంది, సిల్ అంటారు, అది వెనక చక్రానికి ఆనే చోట కూర్చుని వేళ్లతో తడమండి. సాఫ్ట్ టాప్, అంటే మడిచే గుడ్డ పైకప్పు, మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనక ఉన్న గొట్టాల్లోంచి దిగి ఆ చక్రం ముందు నేలమీద పడాలి. ఆకులూ మట్టీ చేరి గొట్టం మూసుకుపోతే నీళ్లు సిల్ లోపలికి చేరి లోపలినుంచి తుప్పు పట్టిస్తాయి, బయట రంగు మెరుస్తూనే ఉంటుంది. అక్కడ పెయింట్ బుడగలు కట్టినట్టు తగిలిందా, లోపల ఇనుము మిగల్లేదని లెక్క. అమ్మేవాడు ఒప్పుకుంటే సగం సీసా నీళ్లు మెల్లగా ఆ గొట్టంలో పోసి కిందికి వంగి చూడండి. రెండు వైపులా ధారగా కారితే మంచిది. కారకపోతే ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో మీకు తెలుసు.

ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించుకోవాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా తగిలితే మీరు రాకముందే ఎవరో వేడి చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. మాజ్దా ఆర్ఎక్స్-8 అయితే దీనికి తోడు వేడిగా ఉన్నప్పుడు కూడా ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి, దానిది పిస్టన్ల బదులు రోటర్ తిరిగే రోటరీ ఇంజిన్, అందులో సీళ్లు అరిగి కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కిపట్టే బలం, పడిపోతే బయటపడేది ఆ వేడి మీదే. దానికి కంప్రెషన్ పరీక్ష కూడా రోటరీ కోసం చేసిన పరికరంతోనే చేయించాలి, అది లేకుండా ఆ కారు కొనకండి, ఎంత చవగ్గా వచ్చినా సరే.

ఇంజిన్ లోపలి భాగాలు లయ తప్పకుండా తిరిగేలా చూసే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం అడగండి, మాట కాదు. మొదటి తరం ఎంఎక్స్-5లో బెల్ట్ తెగితే కారు రోడ్డుమీద ఆగిపోతుంది, కొత్త బెల్ట్ వేస్తే మళ్లీ నడుస్తుంది. పోర్షే 944లో తెగితే వాల్వులు వంగిపోతాయి, ఆ బిల్లు చూశాక మీకూ ఆ కారుకీ మధ్య ప్రేమ ఉండదు. బాక్స్‌స్టర్‌లో బెల్ట్ బదులు చైన్ ఉంటుంది, కానీ ఇంజిన్ లోపల తిరిగే ఒక ఇరుసుని మోసే ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అని ఒకటుంది, అది చెడితే ఇంజిన్ మొత్తం పోవచ్చు. అలాగని ప్రతి కారులోనూ పోదు. క్లచ్ మార్చడానికి గేర్‌బాక్స్ దించినప్పుడే ఆ బేరింగ్ కూడా మార్పించిన యజమాని దొరికితే, ఇంకో రెండు కార్లు తక్కువకి వస్తున్నా దాన్నే కొంటాను.

ఇక దాచుకోవడం సంగతి. కవరు కప్పి ఏళ్ల తరబడి వదిలేస్తే సీళ్లు ఎండిపోతాయి, పెట్రోల్ పాడవుతుంది, బ్రేకులు పట్టేస్తాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. చాలా తక్కువ కిలోమీటర్లు తిరిగిన కారంటే అందరికీ మోజే గానీ, నాకు అనుమానం. ప్రతి ఏడూ కొంత తిరిగి, ప్రతి ఏడూ సర్వీస్ బిల్లు ఉన్న కారు మీద నాకు నమ్మకం ఎక్కువ. నడపండి, ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపండి, ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం వల్ల సైలెన్సర్‌లో తేమ చేరడం తప్ప ఉపయోగం లేదు. చక్రాలో, సైలెన్సరో, స్టీరింగో మార్చాలని చెయ్యి దురద పెడితే మార్చుకోండి, కంపెనీ నుంచి వచ్చినవి మాత్రం అమ్మేయకుండా పెట్టెలో పెట్టి ఉంచండి. రేపు కొనేవాడు ముందు అడిగేది వాటినే.

కొన్న మొదటి వారంలోనే ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ మూడూ మార్చేయండి, పాత యజమాని ఏం చెప్పినా సరే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2309 అని ఉంటే 2009లో 23వ వారం, గాడి ఎంత లోతుగా ఉన్నా ఆ రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది, తడి రోడ్డుమీద పట్టు ఉండదు. కారు ధర మాట్లాడేటప్పుడే ఆ నాలుగు టైర్ల ఖర్చు తీసేసి మాట్లాడండి. ఇక ప్రశ్నలు అడగండి, కానీ ఏ రంగు బాగుంటుందని మాత్రం నన్నడక్కండి, దాని మీద మా ఇంట్లోనే తెగలేదు.